పాట మధ్యలో తలుపు తియ్యరు

ఆదివారం పొద్దున మెట్‌కాఫ్ గారింట్లో జామ్ సీసా దగ్గర గొడవ మొదలైంది.

"నారింజ జామ్‌లో ఎర్ర జామ్ చెంచా పెట్టిందెవరు?" విన్నీ సీసాను కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది. "చూడండి, లోపలంతా ఎర్రటి జీరలు. ఈ ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను పెట్టలేదు. ఈనిడ్ రాత్రంతా స్టేషన్లోనే ఉంది."

"అయితే వేలిముద్రలు తీయించు," అన్నాడు ఆమె తమ్ముడు రూబెన్, చేతిలోని పేపరు దించకుండా.

"వేలిముద్రలెందుకు? సాక్ష్యం నీ మీసానికే అంటుకుని ఉంది. ఒక సీసాకి ఒక చెంచా అని నీ పెళ్ళికి ముందు నుంచీ మొత్తుకుంటున్నా."

"నేనూ అప్పట్నుంచీ ఇలాగే తింటున్నా. ఎవరూ చచ్చిపోలేదుగా!"

ఆ మాట నోరు దాటగానే రూబెన్ పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు. కాసేపు ఆ మడతనే సరిచేస్తూ కూర్చున్నాడు. "నేనే పెట్టానులే అక్కా. పొరపాటైంది," అన్నాడు.

తమ్ముడు ఒక తగువును సగంలో వదిలెయ్యడం విన్నీ ఇంతవరకు చూడలేదు. గెలిచినందుకు సంతోషించాలో, అడ్డంగా గెలిపించినందుకు చిరాకు పడాలో తెలియక సీసా మూత గట్టిగా బిగించి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈనిడ్ టీ తాగుతూ తండ్రిని చూసింది. రాత్రి ఆయన కూడా నిద్రపోయినట్టు లేదు. నిద్ర ఎలా పడుతుంది? ఏమోస్ గార్త్, రూబెన్ మెట్‌కాఫ్ బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే పడవ మీద చేపలు పట్టి, నలభై ఏళ్ళుగా ఒకే పాటల క్లబ్బులో పక్కపక్కన పాడుతున్నారు. నిన్న రాత్రి హెరన్ పబ్బు మేడ మీద దెయ్యాల పాటల సాయంత్రం ముగిసి జనం లేస్తుండగా, ఏమోస్ ఆ పబ్బు వెనక మెట్ల మీద శవమై కనిపించాడు. మొదట చూసింది ఆయన పెంచుకున్న మేనకోడలు హెస్టర్. మామయ్యను ఇంటికి తీసుకుపోదామని, చలి అని మఫ్లరు పట్టుకుని వచ్చింది. ఇప్పుడు ఈ స్కార్‌బెక్ ఊరి పోలీసు స్టేషన్ లాకప్పులో ఉంది.

స్కార్‌బెక్‌కి డిటెక్టివ్ సార్జెంటు ఈనిడే. అయినా రాత్రి ఆమె నోటుపుస్తకం తెరిచేలోపే జిల్లా కేంద్రం నుంచి ఇన్‌స్పెక్టర్ క్రాబ్‌ట్రీ కారులో దిగి, కేసు తన చేతిలోకి తీసుకున్నాడు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి హెస్టర్‌ని వ్యానులో జిల్లా కేంద్రానికి పంపేస్తారు. అక్కడ హత్య నేరం మోపుతారు.

"నాన్నా, నిన్న రాత్రి..." అని మొదలుపెట్టింది.

"తర్వాత అడుగమ్మా," అన్నాడు రూబెన్.

ఆమె అడగలేదు. కోటు తొడుక్కుని, దారిలో స్టేషన్లో ఆగి ఏమోస్ బట్టల మూట మరోసారి విప్పి చూసి, హెరన్ పబ్బుకి వెళ్ళింది.

*

క్రాబ్‌ట్రీ పబ్బు వెనక పెరట్లో ఖాళీ పీపా మీద కూర్చుని పిప్పరమెంటు చప్పరిస్తున్నాడు.

"రండి మెట్‌కాఫ్. నిద్ర పట్టలేదా?"

"మెట్లు పగలు చూడాలనిపించింది సార్."

"చూడండి. మెట్లు ఎవరి సొత్తూ కాదు. కేసు మాత్రం నాది." వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "లీడ్స్‌లో నర్సు చదువుకి పోతానని ఆ పిల్ల. వీల్లేదని మామ. నిన్న మధ్యాహ్నం ఇద్దరి అరుపులూ వీధి వీధంతా విన్నారు. రాత్రి శవం పక్కన దొరికింది, చేతులకి రక్తం. పట్టుకుంటే చెయ్యి వెచ్చగా ఉందని తనే చెప్పింది. అంటే అప్పుడే పోయాడు. పైనున్న వాళ్ళందరూ ఒకే గదిలో కూర్చుని పాడుతున్నారు. ఇంకేం కావాలి మీకు?"

ఈనిడ్ మెట్ల ముందు కూర్చుంది. రాతి మెట్లు, గోడను ఆనుకుని నేరుగా పాటల గది వెనక తలుపు దాకా వెళతాయి. సముద్రపు తేమకి వాటి మీద పచ్చటి పాచి. క్లబ్బు జనమంతా లోపలి మెట్లే వాడతారు. ఈ దారిన వచ్చేది ఏమోస్ ఒక్కడే, అదీ విరామం వేళకే. చిన్నాచితకా పాటలన్నీ అయిపోయాక, తన పాటకి వేళయ్యేసరికి రావడం ఆయన పద్ధతి.

గోడవైపు అంచున పాచి చెక్కుకుపోయి ఉంది. కింది మెట్టు నుంచే. ఏమోస్ శవం దొరికింది సగం మెట్ల దగ్గర. కానీ చెక్కుకుపోయిన ఆ చార అక్కడ ఆగలేదు. పైదాకా వెళ్ళింది.

"సార్, ఆయన టోపీ ఎక్కడ దొరికింది?"

"ఈ పీపా కింద."

"మనిషేమో సగం మెట్ల దగ్గర, టోపీ ఏమో అడుగున."

"టోపీ గుండ్రంగా ఉంటుంది మెట్‌కాఫ్. దొర్లుతుంది."

"టోపీ దొర్లుతుంది సార్. మోకాళ్ళు పైకి దొర్లవు. కోటు వీపు మీద ఒకే ఒక్క మరక ఉంది. ముందువైపు ఛాతీ, మోచేతులు, ప్యాంటు మోకాళ్ళు అంతా పాచి. పాకిన మనిషి బట్టలవి. మా అత్తయ్య చూస్తే ఉతకడానికి ఒప్పుకోదు."

క్రాబ్‌ట్రీ పిప్పరమెంటు బుగ్గ మార్చాడు. "పాకాడే అనుకుందాం. డాక్టరూ అన్నాడు, పడగానే పోలేదు, కాసేపు ప్రాణం ఉందని. అయితే ఏమిటి?"

ఈనిడ్ లేచి, మెట్ల పక్కనే ఉన్న మరో తలుపు చూపించింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. "ఇది వంటింటి తలుపు. రాత్రి లోపల దీపం ఉంది. వంటామె ఉంది. రేడియో మోగుతోంది కాబట్టి ఆమెకి ఏమీ వినిపించలేదంది. కాలు విరిగిన మనిషి, తల పగిలిన మనిషి, ఈ తలుపు వదిలేసి అన్ని మెట్లు పైకెందుకు పాకాడు?"

"స్పృహ సరిగ్గా లేదేమో."

"స్పృహ లేనివాడు గోడ పట్టుకుని తిన్నగా పోడు సార్."

ఆమె ఆ చార లేని వైపు నుంచి జాగ్రత్తగా పైకెక్కింది. పై తలుపుకి గోధుమ రంగు వేశారు. దాని మీద, గడియకి చాలా కిందగా, ఆమె మోకాలి ఎత్తులో, మూడు వేళ్ళ ఆకుపచ్చ గీతలు ఉన్నాయి.

నిలబడ్డవాడెవడూ అంత కింద తలుపు తట్టడు.

"మెట్‌కాఫ్!" కింద నుంచి క్రాబ్‌ట్రీ గొంతు. "మీ నాన్న కూడా ఆ పాటల గుంపులోని వాడే అని విన్నాను. కేసు మీకు వదలకపోవడానికి అదీ ఒక కారణం. ఆ ముసలాళ్ళని కాపాడ్డానికి ఆ పిల్లని వదిలెయ్యమంటే కుదరదు."

"ఎవర్నీ వదలమనడం లేదు సార్. ఎందుకెక్కాడో చెప్పమంటున్నాను."

*

పాటల గదిలో డోర్కస్ బెల్ చిన్న చాకుతో టర్నిప్ దుంపల లాంతర్ల లోంచి మైనం గీకుతోంది. పబ్బు ఆమెదే, క్లబ్బు నడిపేదీ ఆమే. కళ్ళూ పళ్ళూ చెక్కిన ఆ లావు దుంపలు కిటికీ గట్టు మీద వరసగా కూర్చుని, పగటి వెలుతురులో సిగ్గుపడుతున్నట్టున్నాయి. బడి పంతులు లయొనెల్ పీక్ కుర్చీలు దులుపుతూ ఆమెకి సాయం చేస్తున్నాడు.

"రా తల్లీ. మీ నాన్న ఎలా ఉన్నాడు?" డోర్కస్ కళ్ళు తుడుచుకుంది. "ఎంత చక్కటి సాయంత్రం, ఎలా ముగిసిందో చూడు. దీపాలార్పేసి, లాంతర్లు వెలిగించి... లయొనెల్ ఏమోస్ పాట పాడుతుంటే ఒళ్ళు జలదరించిందంటే నమ్ము."

ఈనిడ్ కూర్చోబోతూ ఆగింది. "ఎవరి పాట?"

లయొనెల్ దులపడం మానేశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

హెరన్ మేడ మీద పాటలకి సొంతదారులుంటారు. ఎవరూ రాసి పెట్టలేదు, అవసరమూ రాలేదు. ఎవరు ఏళ్ళ తరబడి పాడి నిలబెట్టుకున్న పాట వాళ్ళది. అతను బతికుండగా మరొకరు ఆ పాట ఎత్తరు. అతను పోయాక మాత్రం క్లబ్బు చేసే మొదటి పని, వేరొకరి చేత ఆ పాట పాడించడమే. సముద్రంలో మునిగినవాడి పాట ఏమోస్ గార్త్‌ది. ఈనిడ్ పుట్టక ముందు నుంచీ అది ఆయనదే.

"నీకంత ధైర్యం ఎక్కడిది లయొనెల్? ఆయన ఏ క్షణాన తలుపు తీసుకుని వస్తాడో తెలిసి కూడా?"

"నేనూ అదే అన్నాను!" లయొనెల్ గుడ్డ విసిరేశాడు. "డోర్కస్‌గారు పిలిచి, ఏమోస్‌గారి పాట నువ్వు పాడాలంటే, నాకు చెమటలు పట్టాయి. ఆయనొస్తే నన్ను మెట్ల మీంచి తోసేస్తాడన్నాను..." మాట మింగేశాడు. "ఆయన రారు అన్నారు."

ఈనిడ్ డోర్కస్ వైపు తిరగబోయింది. కానీ తలుపు మీది ఆ గీతలు ఆమెను వదల్లేదు. ముందు అదే అడిగింది. "పాట మధ్యలో ఏమైనా శబ్దం విన్నారా? ఈ వెనక తలుపు దగ్గర?"

ఇద్దరి మొహాలూ ఒక్కసారి వెలిగాయి.

"ఆ తట్టుడా!" అంది డోర్కస్. "అబ్బ, అదే కదా రాత్రంతటిలోకీ గొప్ప. మునిగినవాడు తన ఇంటికొచ్చి తలుపు తట్టే చరణం ఉంటుంది చూడు, సరిగ్గా అక్కడికొచ్చేసరికి తలుపు మీద టక్, టక్ అని. బేకరీ నోరా అయితే కెవ్వుమంది. ఆనక అందరూ నవ్వు. ఎంత బాగా ఏర్పాటు చేశాడీ పిల్లాడు అనుకున్నా."

"నేనా?" అన్నాడు లయొనెల్. "నేనేం చెయ్యలేదు. మీరే చేయించారనుకున్నాను."

"నేనెందుకు చేయిస్తాను? నేను ఇక్కడే కూర్చుని వంత పాడుతుంటే?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డోర్కస్ చేతిలో చాకు మెల్లగా ఒళ్ళోకి జారింది.

"ఎవరూ తలుపు తియ్యలేదా?" అని అడిగింది ఈనిడ్.

"పాట మధ్యలో తలుపు ఎలా తీస్తామమ్మా?" డోర్కస్ గొంతు సన్నబడింది. "నీకు తెలియనిదేముంది. రాజొచ్చినా సరే, పాట అయి చప్పట్లు కొట్టేదాకా బయటే నిలబడాలి. ఏమోస్ పెట్టిన నియమమే అది."

ఈనిడ్ లేచింది. "లయొనెల్, ఆ చరణం మళ్ళీ పాడు. నిన్న కూర్చున్న చోటే కూర్చుని."

"ఇప్పుడా? ఆయన పాటా?"

"ఇప్పుడే. కిటికీ నిన్న ఎంత తెరిచి ఉందో అంత తెరిచి ఉంచండి."

ఆమె బయటికొచ్చి తలుపు వేసుకుని మెట్లన్నీ దిగింది. అడుగు మెట్టు దగ్గర నిలబడింది. పైన కిటికీ సందులోంచి లయొనెల్ గొంతు వణుకుతూ వచ్చింది.

*ఎవరో ఎవరో వాకిట్లో*
*ఉప్పు నీరు కారే అడుగుల్లో*
*నా కుర్చీలో కూచున్నదెవరమ్మా*
*నా గిన్నెలో తింటున్నదెవరమ్మా*

ప్రతి అక్షరం తెలుస్తోంది. ఈనిడ్ నిన్న రాత్రిని ఊహించుకుంది. కాలు విరిగి ఇక్కడ పడి ఉన్న మనిషి కళ్ళు తెరిచాడు. పక్కనే వంటింటి వెలుగు. కానీ పైన, తను బతికుండగానే, తన పాట ఎవరో పాడుతున్నారు.

ఎందుకెక్కాడో ఆమెకిక ఎవరూ చెప్పక్కర్లేదు.

పైకి వెళ్ళి, ఆ ఆకుపచ్చ గీతల పక్కగా మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళ కణుపులతో రెండుసార్లు తట్టింది. లోపల పాట తెగిపోయింది.

తలుపు తీసేసరికి డోర్కస్ నోటికి ఆప్రాన్ అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. "ఇలాగే," అన్నాడు లయొనెల్, పాలిపోయిన మొహంతో. "ఇలాగే వినిపించింది. కింద నుంచి."

"ఆ తర్వాత మళ్ళీ తట్టారా?"

"వంత అందుకున్నారు అందరూ. నవ్వులు, పాట... వినిపించలేదు."

తలుపు తెరుచుకోలేదు. ఆయన మళ్ళీ దిగబోయాడు, సగందాకా దిగాడు. అక్కడితో అయిపోయింది. పాటలు ముగిసే వేళకి మఫ్లరు పట్టుకుని హెస్టర్ వచ్చింది. అప్పటికి ఆయన పోయి ఎంతోసేపు కాలేదు, అందుకే చెయ్యి వెచ్చగా ఉంది. ఆ పిల్ల ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఏమోస్ పడింది ఆమె వచ్చినప్పుడు కాదు, విరామంలో. లయొనెల్ పాట ఎత్తుకోక ముందే.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్న. ఆయన రాడని అంత ముందే తెలిసినవాడెవడు?

"మిసెస్ బెల్, ఏమోస్‌గారు రారని మీకెవరు చెప్పారు?"

డోర్కస్ తల ఎత్తి వింతగా చూసింది. "ఇంకెవరు, మీ నాన్నే. ఒకే ఇంట్లో ఉండి అడగలేదా? విరామం అయ్యి నేను గంట కొడుతుంటే వచ్చాడు. 'ఏమోస్ ఇవాళ రాడు. అతని పాట లయొనెల్ చేత పాడించు' అన్నాడు. ఏమోస్ ఒప్పుకున్నాడా అని కూడా అడగలేదు నేను. రూబెన్ నోట వచ్చాక అనుమానమేముంటుంది?"

ఈనిడ్ కోటు బొత్తాలు పెట్టుకుంది.

"పాపం, ఇప్పుడు తలుచుకుంటే..." డోర్కస్ ముక్కు తుడుచుకుంది. "ఆ తట్టుడు తర్వాత మీ నాన్న వంత మానేశాడు. ఇన్నేళ్ళలో ఏ పాటకీ రూబెన్ మంద్రం ఆగడం నేనెరగను. గొంతు పట్టేసిందేమో అనుకుని అల్లం టీ ఇచ్చాను. తాగలేదు."

*

లోపలి మెట్ల కింద క్రాబ్‌ట్రీ ఎదురుచూస్తున్నాడు. ఈనిడ్ మెట్లు, గీతలు, తట్టుడు, విరామం, అన్నీ వరసగా చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. చివర్లో పిప్పరమెంటు కాగితంలో ఉమ్మేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఒక గదినిండా జనం. బయట మనిషి చస్తూ తలుపు తడుతుంటే నవ్వుకున్నారా?"

"పాట అనుకున్నారు సార్."

"అయితే ఆ పిల్ల కాదంటారు. విరామంలో వెనక మెట్ల దగ్గరికి వెళ్ళిన ఇంకెవరో అంటారు. బాగుంది. పేరు చెప్పండి."

ఈనిడ్ గడియారం చూసుకుంది.

"ఆయన రాడని ఆవిడకి ఎవరో చెప్పే ఉంటారు. ఆ మాత్రం నాకూ తోస్తుంది. మీరు అడిగే ఉంటారు. పేరు?"

"భోజనం తర్వాత చెప్తాను సార్."

క్రాబ్‌ట్రీ నవ్వాడు. "ఒక పిల్ల లాకప్పులో ఉంటే మీకు ఆదివారం రోస్టు ముఖ్యమా?"

"ఇవాళ ముఖ్యమే సార్."

అతని నవ్వు ఆగింది. ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. ఏం కనిపించిందో ఏమో, వెటకారం వదిలేసి మామూలు గొంతుతో అన్నాడు. "మూడింటికి వ్యాను. పేరు లేకపోతే ఆ పిల్ల ఎక్కుతుంది. నేనింకేం చెయ్యలేను."

*

విన్నీ ముందుగా గ్రేవీతో తినే ఉప్పు పుడ్డింగులు వడ్డించింది. ఉబ్బి, అంచులు గోధుమ రంగులోకి తిరిగి, ఏ రోజూ కుదరనంత బాగా కుదిరాయి. గ్రేవీ గిన్నె పట్టుకుని బల్ల చుట్టూ తిరిగింది.

"చల్లారితే తోలులా అవుతాయి. తినండి. రూబెన్, ఫోర్కు చూడ్డానికి కాదు."

ఈనిడ్ ఫోర్కు తీసుకుని మళ్ళీ కింద పెట్టింది. దారి పొడవునా ఎన్నో రకాలుగా మొదలుపెట్టి చూసుకుంది. చివరికి డోర్కస్‌ని అడిగినట్టే అడిగింది.

"నాన్నా, ఏమోస్‌గారు రారని నీకెవరు చెప్పారు?"

గ్రేవీ పోస్తున్న విన్నీ చెయ్యి ఆగిపోయింది.

రూబెన్ పళ్ళెం వంక చూస్తూనే అన్నాడు. "ఎవరూ చెప్పలేదు."

ఈనిడ్ తొందరపెట్టలేదు.

"విరామంలో పైపు కాల్చుకుందామని వెనక తలుపు తీసుకుని వెళ్ళా. అప్పుడే మెట్లెక్కి వచ్చాడు. ఎప్పట్లాగే, ఊరేగింపుకొచ్చినట్టు టోపీ సర్దుకుంటూ. పోయిన రెండు సార్లూ చరణాలు మర్చిపోయాడమ్మా. వెనక వరస వాళ్ళు నవ్వుకున్నారు. వాడికి తెలియదు, కళ్ళు మూసుకుని పాడతాడు. పక్కన కూర్చునే నాకు తెలుస్తుంది. దెయ్యాల పాటల రోజు, గదినిండా జనం. 'ఒరేయ్, ఇవాళ్టికి ఆ పాట లయొనెల్‌కి ఇచ్చెయ్యరా' అన్నాను. మెల్లగానే అన్నా."

"ఏమన్నారు?"

"ఏమంటాడు? నా కాలరు పట్టుకున్నాడు. నేను విదిలించుకున్నా. తొయ్యలేదు ఈనిడ్. విదిలించుకున్నానంతే." తన కుడి చేతిని బల్ల మీద పెట్టి, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. "దిగి వెళ్ళి పిలిచా. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టా. ఏమీ తెలియలేదు. లోపల డోర్కస్ గంట కొట్టేస్తోంది."

"డాక్టర్ని పిలవాలని తోచలేదట్రా నీకు?" అంది విన్నీ. ఆమె ఇంకా నిలబడే ఉంది.

"పోయాడనుకున్నా అక్కా. లోపలికెళ్ళి ఏమని చెప్పను, ఏమోస్‌ని నేను చంపానని చెప్పనా? పాట అయ్యాక చెబుదాంలే అనుకున్నా. పాట లేకుండా వాణ్ణి ఎలా పంపను? అందుకే పాడించా. అంతలో..."

"తలుపు తట్టారు," అంది ఈనిడ్.

"అందరూ నవ్వుతున్నారు. బయటెవరున్నారో నాకొక్కడికే తెలుసు. ఆ చీకటి, ఆ లాంతర్లు, ఆ చరణం... చచ్చినవాడు వాడి పాట అడగడానికి లేచొచ్చాడనుకున్నా. ఈ వయసులో, నేను! నోట్లోంచి పాట రాలేదు. కాళ్ళు కదల్లేదు. తర్వాత హెస్టర్ కేక వినబడింది. ఆ పిల్లని పట్టుకుపోతుంటే, పొద్దున్నకి వదిలేస్తారులే అనుకున్నా. అదీ అనుకున్నా." తల ఎత్తి కూతురి కళ్ళలోకి చూశాడు. "నిజం చెప్పు. తట్టినప్పుడు వాడు బతికే ఉన్నాడా?"

కాదని చెప్పడం ఎంత సులువో ఈనిడ్‌కి తెలుసు. డాక్టరుకి సరిగ్గా తెలియదని చెప్పినా చాలు.

"ఉన్నారు నాన్నా. పాట విని పైదాకా పాకి వచ్చారు."

రూబెన్ కళ్ళు మూసుకున్నాడు. విన్నీ గ్రేవీ గిన్నె బల్ల మీద పెట్టేసి, మొదటిసారి కూర్చుంది.

"మూడింటికి హెస్టర్‌ని వ్యానెక్కిస్తారు," అంది ఈనిడ్. ఒక్కో మాటా పేర్చుకుంటూ చెప్పింది. "అంతకు ముందే నేను స్టేషన్లో ఉంటాను. మెట్లు, తలుపు, డోర్కస్ చెప్పింది, ఇప్పుడిక్కడ విన్నది, అన్నీ చెప్తాను. ఈ కేసులో ఇక నేను పోలీసును కాను, సాక్షిని. నువ్వొస్తే ముందు నువ్వే చెప్పొచ్చు. రాకపోతే నేనే చెప్తాను."

"కన్నతండ్రి మీదనే? అన్నం తినే బల్ల దగ్గరా ఈ మాటలు?" విన్నీ అరిచింది. "విదిలించుకున్నానంటున్నాడుగా! ఎవరు చూశారు? ఎవరడిగారు?"

"హెస్టర్ రాత్రి నుంచీ ఏమీ తినలేదత్తయ్యా. పొద్దున చూసొచ్చాను. మామయ్య చెయ్యి వెచ్చగా ఉందని, అదొక్కటే మళ్ళీ మళ్ళీ చెప్తోంది. ఆ నిజం చెప్పినందుకే దాన్ని లాకప్పులో కూర్చోబెట్టారు."

విన్నీ తమ్ముడి వైపు తిరిగింది.

రూబెన్ ఒళ్ళోంచి రుమాలు తీసి, మడిచి, ముట్టుకోని పళ్ళెం పక్కన పెట్టాడు. "అక్కా, నా నల్లకోటు ఎక్కడుంది?" అంటూ కుర్చీ వెనక్కి జరిపాడు. "మూడు దాకా ఎందుకు, ఇప్పుడే వెళ్దాం. నా నోటితో నేనే చెప్తాను ఈనిడ్. నువ్వు సాక్షివి కానక్కర్లేదు. నీ ఉద్యోగం నువ్వు చేసుకో."

"అలా కుదరదు నాన్నా," అంది ఈనిడ్. జేబులోంచి పోలీసు కార్డు తీసి, పోగొట్టుకోకుండా దాచమని విన్నీ చేతికిచ్చి, తండ్రికి కోటు తొడగడానికి లేచింది.